కోళ్ల మేతలో మందు వేస్తే మనిషి పేగులోకి ఏం వచ్చింది? స్టువర్ట్ లెవీ పరిశోధన, రెసిస్టెన్స్ మీద పీహెచ్‌డీ

సూక్ష్మజీవి_సుధ
ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ రెండో ఏడాదిలో ఉన్నాను. పీహెచ్‌డీకి యాంటీబయాటిక్ రెసిస్టెన్స్ (బ్యాక్టీరియా మందుకి లొంగకపోవడం) తీసుకోవాలని ఉంది. మా సీనియర్లేమో "అందులో ఏముంది, హాస్పిటల్ నుంచి శాంపిల్స్ తెచ్చుకో, బ్యాక్టీరియా పెంచిన ప్లేట్ల మీద మందు డిస్కులు పెట్టు, చుట్టూ బ్యాక్టీరియా పెరగని జోన్లు కొలువు, ఇన్ని శాతం లొంగలేదు అని పేపర్ రాయి, అయిపోయింది" అంటున్నారు. నిజంగా అంతేనా? జీవితమంతా ఈ ఒక్క సబ్జెక్టులోనే పనిచేసినవాళ్లు ఏం కనిపెట్టారు, దానివల్ల బయట ఏమైనా మారిందా? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్. "ప్యాషన్ ఉంటే చెయ్యండి" లాంటి జవాబులు వద్దు, అవి ఇప్పటికే చాలా వచ్చాయి.

బోస్టన్_బాబాయ్
సుధ గారూ, స్టువర్ట్ లెవీ గురించి చదవండి, రెసిస్టెన్స్ మీదే జీవితమంతా పనిచేసిన అమెరికా పరిశోధకుడు. ఆయన పనిచేసింది బోస్టన్‌లోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో, నేను ఉండేదీ ఆ ఊళ్లోనే. నేను ఆ ల్యాబ్ మనిషిని కాను, బయోటెక్ ఉద్యోగం కాబట్టి ఆయన పేపర్లు చదవాల్సి వచ్చింది.

1938లో డెలావేర్ రాష్ట్రం విల్మింగ్టన్‌లో పుట్టారు. నాన్న ఊళ్లో డాక్టరు. కవల సోదరుడు జే లెవీ కూడా పెద్ద పరిశోధకుడే, ఎయిడ్స్ వైరస్‌ని సొంతంగా వేరుచేసిన తొలి కొద్దిమందిలో ఒకరు. స్టువర్ట్ మెడిసిన్ చదువు మధ్యలో ఆపి టోక్యో వెళ్లి కెయో విశ్వవిద్యాలయంలో త్సుతోము వతనబే దగ్గర పనిచేశారు. ఆ రోజుల్లో ఈ విషయం నేర్చుకోవాలంటే జపానే వెళ్లాలి. ఎందుకంటే యుద్ధం తర్వాత అక్కడ రక్తవిరేచనాలు తెచ్చే షిగెల్లా ఒకేసారి మూడు నాలుగు మందులకి లొంగకుండా పోయింది. 1959 నాటికి ఆ దేశపు పరిశోధకులే తేల్చారు, ఈ శక్తి ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి, వేరే జాతికి కూడా, అంటుకుంటోందని. ఆ జన్యువులని మోసుకెళ్లేవి ప్లాస్మిడ్లు, అంటే బ్యాక్టీరియాలో క్రోమోజోమ్‌కి వేరుగా ఉండే చిన్న డీఎన్ఏ చక్రాలు. బయట చాలామంది ఇదేదో జపాన్ గొడవ అనుకుంటున్నప్పుడు లెవీ అది నేర్చుకుని అమెరికా తిరిగొచ్చారు.

ఆయనకి పేరు తెచ్చిన ప్రయోగం మాత్రం ల్యాబులో జరిగింది కాదు, కోళ్ల షెడ్డులో జరిగింది. బోస్టన్‌కి దగ్గర్లో షెర్బోర్న్ అనే ఊళ్లో ఒక కుటుంబం పొలం. అక్కడ కోడిపిల్లలని పెట్టి సగానికి మామూలు మేత, సగానికి ఆక్సీటెట్రాసైక్లిన్ (టెట్రాసైక్లిన్ జాతి యాంటీబయాటిక్) కలిపిన మేత వేశారు. కోళ్ల మలం, పొలంలో ఉండేవాళ్ల మలం, చుట్టుపక్కల ఇళ్లవాళ్ల మలం వారం వారం తెచ్చి పరీక్ష చేశారు. మందు మేత మొదలైన వారం లోపే కోళ్ల పేగుల్లో దాదాపు అన్నీ టెట్రాసైక్లిన్‌కి లొంగని బ్యాక్టీరియాలే. మనుషుల్లో ఆ మార్పు మెల్లిగా వచ్చింది. అయిదారు నెలలకి పొలం వాళ్ల శాంపిల్స్‌లో 31.3 శాతంలో, ఉన్న బ్యాక్టీరియాలో 80 శాతానికి పైగా లొంగనివే. పక్క ఇళ్లవాళ్లలో అలాంటి శాంపిల్స్ 6.8 శాతం. పొలంలో ఎవరూ ఆ మందు మింగలేదు, గమనించండి. ఇంకో మాట, ఆ బ్యాక్టీరియా టెట్రాసైక్లిన్ ఒక్కదానికే కాదు, కోళ్లకి అసలు పెట్టని మందులకీ లొంగలేదు, ఎందుకంటే ఒకే ప్లాస్మిడ్ మీద నాలుగైదు జన్యువులు కూర్చుని ఉంటాయి. 1976లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. ఖర్చు పెట్టింది ఎవరనుకున్నారు? పశువుల మందుల కంపెనీల సంఘమే!

తణుకు_లేయర్స్
వచ్చారండీ మళ్లీ కోళ్ల దగ్గరికి. ఏ రోగం వచ్చినా కోడే దొరుకుతుంది మీకు. మాది లేయర్ ఫారం, గుడ్ల కోళ్లు. సీఆర్‌డీ (కోళ్లకి వచ్చే ఊపిరి జబ్బు) వచ్చి షెడ్డులో కోళ్లు గురకలు పెడుతుంటే మందు వేయకుండా కూర్చోమంటారా? గుడ్డు రేటు రోజూ మారుతుంది, మేత ఖర్చు మాత్రం ఎప్పుడూ దిగదు. జ్వరానికీ జలుబుకీ మెడికల్ షాపుకెళ్లి చీటీ లేకుండా అజిత్రోమైసిన్ కొనుక్కునేవాళ్లని ముందు అడగండి.

పశువైద్యుడు_కరీంనగర్
తణుకు గారూ, జబ్బు వచ్చిన కోళ్లకి డాక్టరు చూసి మందు ఇవ్వడం వేరు, జబ్బు లేకపోయినా బరువు కోసమో ముందుజాగ్రత్తకో రోజూ మేతలో కాస్త కాస్త కలపడం వేరు. లెవీ పరీక్షించింది రెండోది. తక్కువ మోతాదు, ఎక్కువ రోజులు, మంద మొత్తానికి. లొంగే బ్యాక్టీరియా పోయి లొంగనిది మిగలడానికి ఇంతకంటే అనువైన పద్ధతి లేదు. సీఆర్‌డీకి మందు రాయొద్దని నేనైతే అనను, నేనే రాస్తాను. కానీ కొత్త పిల్లలని దించిన మొదటి వారం నీళ్లలో ఏదో ఒకటి కలపండి అని చెప్పేది చాలాసార్లు డాక్టరు కాదు, మందులమ్మే రిప్రజెంటేటివ్. అది మీకూ తెలుసు.

కోలిస్టిన్ సంగతి చూడండి. మనుషులకి ఐసీయూలో ఏదీ పనిచేయనప్పుడు వాడే మందు. అదే మన దగ్గర కోళ్ల మేతలో పోశారు. 2015 నవంబరులో చైనా పరిశోధకులు కోలిస్టిన్‌కి లొంగకుండా చేసే ఎంసీఆర్-1 అనే జన్యువు బయటపెట్టారు, పందుల్లో, మాంసంలో, రోగుల్లో కూడా దొరికింది, పైగా ప్లాస్మిడ్ మీద ఉంది. మన కేంద్ర ప్రభుత్వం 2019 జులైలో ఆహారం కోసం పెంచే పశువులకి, కోళ్లకి, ఆక్వాకి కోలిస్టిన్ నిషేధించింది. కోలిస్టిన్ వెళ్లిపోయినా ఫారాలు మూతపడలేదు కదా.

తణుకు_లేయర్స్
మూతపడలేదు నిజమే. రిప్రజెంటేటివ్ సంగతి కూడా నిజమే. కానీ మందు మానేస్తే మోర్టాలిటీ (కోళ్ల చావులు) పెరిగితే ఆ నష్టం భరించేది ఎవరు? అది కూడా రాయండి ఎవరైనా.

అగార్_ప్లేటు
సుధా, మీ సీనియర్లు చెప్పినట్టు జోన్లు కొలిచి ఆపేసేవాళ్లు ఉన్నారు, కాదనను. లెవీ అక్కడ ఆగలేదు, లొంగకపోవడం ఎలా జరుగుతోంది అని అడిగారు. నాకు ఆయన కోళ్ల పేపర్ కంటే పంపు పేపరే ఎక్కువ ఇష్టం, పొడుగైనా చెప్తాను.

టెట్రాసైక్లిన్ బ్యాక్టీరియా లోపలికి వెళ్లి రైబోజోమ్‌ని పట్టుకుని ప్రొటీన్ల తయారీ ఆపుతుంది. మరి లొంగని బ్యాక్టీరియా ఏం చేస్తోంది? అప్పటికి అందరికీ తెలిసిన దారులు కొన్నే, పెన్సిలిన్‌ని ముక్కలు చేసే ఎంజైమ్ లాంటిదో, మందు పట్టుకునే చోటు మారిపోవడమో. టెట్రాసైక్లిన్‌ని ఇది ముక్కలు చేయట్లేదు. లోపల మందు తక్కువగా ఉంది, అంత వరకు తెలుసు. కాబట్టి పొర గట్టిపడి లోపలికి రానివ్వట్లేదేమో అనుకోవడం సహజం. లెవీ ల్యాబులో లారా మెక్‌మరీ అనే పరిశోధకురాలు, ఇంకా సహచరులు కలిసి ఏం చేశారంటే, బ్యాక్టీరియాని పగలగొట్టి దాని పొరతో చిన్న చిన్న సంచులు తయారుచేశారు, కానీ చొక్కా జేబు తిరగేసినట్టు లోపలి వైపు బయటికి వచ్చేలా. పొర గట్టిపడటమే కారణమైతే తిరగేసినా మందు ఆ సంచుల్లోకి పోకూడదు. కానీ మందు సంచుల లోపలికి పోగవసాగింది! అంటే మామూలు బ్యాక్టీరియాలో అదే యంత్రం మందుని బయటికి తోస్తోందన్నమాట, అదీ శక్తి ఖర్చుపెట్టి. 1980లో పీఎన్ఏఎస్ అనే జర్నల్లో వచ్చింది ఆ పేపర్. మందుని తోసిపారేసే ఎఫ్లక్స్ పంపులు అని ఇవాళ ప్రతి టెక్స్ట్‌బుక్‌లో ఒక చాప్టర్ ఉంటుందే, దానికి ఇదే మొదలు.

1983లో అదే ల్యాబులో ఇంకోటి. ఈకోలీ అనే పేగు బ్యాక్టీరియా క్రోమోజోమ్ మీదే ఒక చోటు దొరికింది, దానికి మార్ అని పేరు పెట్టారు. అక్కడ మార్పు వస్తే ప్లాస్మిడ్ లేకపోయినా సంబంధం లేని అనేక మందులకి ఒకేసారి బ్యాక్టీరియా లొంగదు. ఒక ప్రశ్న నుంచి ఇంకో ప్రశ్న, ఇలా నలభై ఏళ్లు. ఇందులో "అంతే" అనదగింది నాకైతే కనపడలేదు.

ముక్కుసూటి
అంతా బాగుంది బాబూ, కానీ ఆమె అడిగింది "ఏమైనా మారిందా" అని. 1976లో పేపర్ వచ్చింది. 1977లో అమెరికాలో మందుల్ని నియంత్రించే ఎఫ్‌డీఏ కమిషనర్ డొనాల్డ్ కెనడీ మేతలో పెన్సిలిన్, టెట్రాసైక్లిన్ ఆపేద్దామని ప్రతిపాదించాడు. వాళ్ల కాంగ్రెస్ (అంటే పార్లమెంటు) ఇంకా అధ్యయనాలు కావాలని అడ్డం పడింది. బరువు పెంచడానికి మనుషుల మందులు మేతలో వేయడం అక్కడ ఆగింది 2017 జనవరిలో. నలభై ఏళ్లు! పైగా లెవీ 1996లో సొంత కంపెనీ పెట్టుకున్నాడు. ఒక చేత్తో మందులు తగ్గించండి అని ప్రచారం, ఇంకో చేత్తో కొత్త మందు అమ్మకం. ఇది కెరీరా, వ్యాపారమా?

బోస్టన్_బాబాయ్
ముక్కుసూటి గారు పేరుకి తగ్గట్టే ఉన్నారు :)

కంపెనీ పేరు పారాటెక్, నోబెల్ వచ్చిన వాల్టర్ గిల్బర్ట్‌తో కలిసి పెట్టారు. ఆ పంపు ఎలా పనిచేస్తుందో కనిపెట్టిన మనిషి, ఆ పంపుకి దొరకని టెట్రాసైక్లిన్ తయారుచేయాలనుకోవడంలో తప్పేముంది? ఒమాడాసైక్లిన్ అనే మందు అలా వచ్చింది, న్యుమోనియాకీ చర్మపు ఇన్ఫెక్షన్లకీ. 2018 అక్టోబరులో అనుమతి వచ్చింది, అంటే కంపెనీ పెట్టిన 22 ఏళ్లకి. లెవీ 2019 సెప్టెంబరులో చనిపోయారు. వ్యాపారం కోసమే అయితే యాంటీబయాటిక్స్ జోలికి ఎవరూ పోరు సార్, పది రోజులు వాడి ఆపేసే మందు, అదీ డాక్టర్లు దాచిపెట్టుకుని వాడాల్సింది. పెద్ద కంపెనీలు ఈ రంగం వదిలేసింది అందుకేగా.

ఇక ఆయన ప్రచారం ఎక్కడ మొదలైందో చెప్పాలి. 1981లో డొమినికన్ రిపబ్లిక్‌లోని సాంటో డొమింగోలో ప్లాస్మిడ్ల మీద సమావేశం జరిగింది. అక్కడికి వచ్చిన శాస్త్రవేత్తలు యాంటీబయాటిక్స్ ఇష్టమొచ్చినట్టు వాడటం ఆపాలని ఒక ప్రకటన చేశారు. ఆ ఏడాదే లెవీ ఆపువా అనే సంస్థ పెట్టారు, తర్వాత చాలా దేశాల్లో దానికి శాఖలు వచ్చాయి. అంటే కంపెనీ కంటే పదిహేనేళ్ల ముందు నుంచే ఆయన ఆ మాట చెప్తున్నారు.

సబ్బుల సంగతి కూడా ఉంది. ట్రైక్లోసాన్ అని యాంటీబ్యాక్టీరియల్ సబ్బుల్లో కలిపేవారు. అది బ్యాక్టీరియాని ఎడాపెడా చంపేస్తుంది, దానికి రెసిస్టెన్స్ రాదు అనుకునేవారు. 1998లో మెక్‌మరీ, లెవీ వాళ్లు నేచర్‌లో చూపించారు, దానికీ ఒక ఖచ్చితమైన లక్ష్యం ఉందని, కొవ్వు ఆమ్లాలు తయారుచేసే ఒక ఎంజైమ్, ఆ ఒక్క జన్యువు మారితే సబ్బు మందూ పనిచేయదని. 2016లో ఎఫ్‌డీఏ చేతులు కడుక్కునే సబ్బుల్లోంచి ట్రైక్లోసాన్ తీసేయమంది, మామూలు సబ్బూ నీళ్ల కంటే మెరుగని కంపెనీలు చూపించలేకపోయాయి కాబట్టి.

ముక్కుసూటి
సబ్బు కూడా 18 ఏళ్లు పట్టింది. నా పాయింటే మీరు రుజువు చేస్తున్నారు.

భీమవరం_బుల్లోడు
ఇంత మాట్లాడుకుని మా ఊరి మనిషి పేరు రాకపోతే ఎలా అండీ. టెట్రాసైక్లిన్ జాతిలో మొదటిది ఆరియోమైసిన్. అది బయటికొచ్చింది అమెరికాలో లెడర్లీ ల్యాబొరేటరీస్‌లో, అక్కడ పరిశోధన విభాగానికి డైరెక్టరు మన యల్లాప్రగడ సుబ్బారావు గారు, 1895లో భీమవరంలో పుట్టారు. మిస్సోరీ మట్టి నమూనాలోని సూక్ష్మజీవి నుంచి దాన్ని తీసింది బెంజమిన్ డగ్గర్ అనే ఆయన, డెబ్బై దాటిన వయసులో. 1948లో ప్రకటించారు.

ఇక్కడే మెలిక. అదే లెడర్లీలో థామస్ జూక్స్ అనే ఆయన కోడిపిల్లలకి విటమిన్ బీ12 దొరికే మేత కోసం వెతుకుతూ, ఆరియోమైసిన్ తీసేశాక మిగిలిన పిప్పిని మేతలో కలిపి పెట్టాడు. పిల్లలు విపరీతంగా బరువు పెరిగాయి, ఎంతంటే బీ12 ఒక్కటే పెట్టిన వాటికంటే కూడా. పిప్పిలో మిగిలిపోయిన యాంటీబయాటిక్కే కారణం అని తేలింది. మేతలో యాంటీబయాటిక్ అనే అలవాటు అక్కడ పుట్టింది. తణుకు గారూ, మీ షెడ్డు కథ మొదలైంది న్యూయార్క్ రాష్ట్రంలో!

తణుకు_లేయర్స్
అంటే ఇప్పుడు సుబ్బారావు గారి మీద తోస్తారా?

భీమవరం_బుల్లోడు
అయ్యో లేదండీ. ఆయన 1948 ఆగస్టులోనే పోయారు, జూక్స్ మేత ప్రయోగం ఆ ఏడాది చివర్లో.

పటాన్‌చెరు_వాసి
కోళ్లు, సబ్బులు అయ్యాయి, మా ఊరు పటాన్‌చెరు కూడా కలుపుకోండి. ఇది లెవీ పని కాదు, స్వీడన్ పరిశోధకుడు యోకిమ్ లార్సన్ బృందానిది. 2007లో అచ్చయింది. ఇక్కడ దాదాపు 90 బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) కంపెనీల మురుగు వచ్చే ఉమ్మడి శుద్ధి కేంద్రం ఉంది. శుద్ధి చేశాక బయటికి వదిలే నీళ్లలో లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ దొరికింది. కొన్ని బ్యాక్టీరియాలకి విషమయ్యే మోతాదు కంటే వెయ్యి రెట్లకి పైమాటే. ప్రపంచం మొత్తానికి చవగ్గా మందు మా ఊరి నుంచే పోతోంది, ఆ మిగులు మా వాగులోకే వస్తోంది. మందుల ఫ్యాక్టరీల మురుగులో యాంటీబయాటిక్స్ ఎంతకి మించకూడదో కేంద్రం 2020 జనవరిలో ముసాయిదా పెట్టింది, 2021లో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో ఆ పరిమితులు మాయం. మైక్రోబయాలజీ చదివిన అమ్మాయి ఇక్కడికొచ్చి వాగు మట్టి తీసుకెళ్తే నేనే దారి చూపిస్తాను.

అగార్_ప్లేటు
ముక్కుసూటి గారి మాటకి నా జవాబు. ఆలస్యం జరిగింది, ఒప్పుకుంటాం. కానీ అన్ని దేశాలూ నలభై ఏళ్లు తీసుకోలేదు. స్వీడన్ 1986లోనే బరువు కోసం మేతలో వాడటం నిషేధించింది. డెన్మార్క్ 1995లో మేతలో వేసే అవోపార్సిన్ ఆపింది, అది మనుషులకి వాడే వాంకోమైసిన్ జాతి మందే. అక్కడి బ్రాయిలర్ కోళ్లలో వాంకోమైసిన్‌కి లొంగని ఎంటరోకాకస్ అనే పేగు బ్యాక్టీరియా 1995లో 72.7 శాతం నుంచి 2000 నాటికి 5.8 శాతానికి పడిపోయింది. యూరప్ మొత్తం 2006లో ఆపింది.

అయితే పందుల్లో మాత్రం వెంటనే తగ్గలేదు. ఎందుకో చూస్తే, అవోపార్సిన్ ఆపినా పందులకి టైలోసిన్ అనే ఇంకో యాంటీబయాటిక్ వేస్తూనే ఉన్నారు, రెండు మందుల రెసిస్టెన్స్ జన్యువులూ ఒకే ప్లాస్మిడ్ మీద ఉన్నాయి. టైలోసిన్ తగ్గాకే అది తగ్గింది. షెర్బోర్న్‌లో కూడా మందు మేత ఆపేసిన ఆరు నెలలకి పరీక్షించిన పదిమందిలో ఎనిమిదిమందిలో లొంగనివి కనపడలేదు. అంటే కొన్నిసార్లు వెనక్కి వెళ్తుంది, కొన్నిసార్లు వెళ్లదు, ఎప్పుడు వెళ్తుంది అన్నది మంచి పీహెచ్‌డీ ప్రశ్న. మన దగ్గర కోలిస్టిన్ నిషేధం వచ్చింది కదా, ఒక జిల్లా ఫారాల్లో ఇప్పుడు ఏం మిగిలింది, ఎంసీఆర్ జన్యువు ఏ ప్లాస్మిడ్ మీద ఏ ఇతర జన్యువులతో కలిసి కూర్చుంది? సుధా, ఇది చేయొచ్చు.

సూక్ష్మజీవి_సుధ
అందరికీ థ్యాంక్స్, రాత్రి కూర్చుని మొత్తం రెండుసార్లు చదివాను. అగార్ అన్నా, చివరి ప్రశ్న నచ్చింది. కానీ ప్రాక్టికల్‌గా రెండు డౌట్లు. డబ్బులు ఎలా? ఫారాల్లోకి ఎవరు రానిస్తారు?

అగార్_ప్లేటు
ముందు సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్ష లైఫ్ సైన్సెస్‌లో జేఆర్‌ఎఫ్ (పీహెచ్‌డీ చేసేవాళ్లకి నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) కొట్టండి, లేదా డీబీటీ లాంటి వేరే పరీక్ష. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ నెలకి 37,000. ఆలస్యంగా పడుతుంది, ఆ టెన్షన్ అందరికీ ఉన్నదే, కొంచెం చేతిలో ఉంచుకోండి. గైడ్‌ని ఎంచుకునేటప్పుడు ఒక్కటి అడగండి: మీ ల్యాబులో కాంజుగేషన్ ప్రయోగాలు (ప్లాస్మిడ్ ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి వెళ్తుందా అని చూడటం) చేస్తారా, జీనోమ్ సీక్వెన్సింగ్‌కి (మొత్తం డీఎన్ఏ చదవడానికి) బడ్జెట్ ఉందా? డిస్కులు మాత్రమే ఉంటే మీ సీనియర్లు చెప్పినట్టే అవుతుంది. కోలిస్టిన్‌కి అసలు డిస్కు పద్ధతి నమ్మదగింది కాదు, ప్లేటులోని అగార్ జెల్లీలో ఆ మందు సరిగ్గా పాకదు. బ్రాత్ మైక్రోడైల్యూషన్ చేయాలి, అంటే ద్రవంలో మందుని వేర్వేరు మోతాదుల్లో కలిపి చూడాలి. ఇది ఇంటర్వ్యూలో చెప్తే గైడ్ మిమ్మల్ని గుర్తుపెట్టుకుంటాడు.

పశువైద్యుడు_కరీంనగర్
ఫారాల్లోకి వెళ్లాలంటే స్థానిక పశువైద్యుడిని వెంటబెట్టుకోండి మేడమ్. మందులు రాసుకున్న రిజిస్టరు ఉంటే అది కాపీ తీసుకోండి, లేకపోతే ఖాళీ ప్యాకెట్లు ఎక్కడ పారేస్తారో చూడండి. రిజిస్టరు కంటే ప్యాకెట్లే నిజం చెప్తాయి.

తణుకు_లేయర్స్
మా షెడ్డుకి రండమ్మా, ఇస్తాను శాంపిల్స్. షరతులున్నాయి. ఇంకో ఫారం నుంచి నేరుగా రాకూడదు, స్నానం చేసి బట్టలు మార్చుకుని రావాలి, గేటు దగ్గర కాళ్లు మందు నీళ్లలో ముంచాలి. ఊరి పేరు, ఫారం పేరు పేపర్లో వేయకూడదు. ఏం దొరికిందో నాకు తెలుగులో చెప్పాలి. మందు తగ్గిస్తే మోర్టాలిటీ ఏమవుతుందో కూడా లెక్క రాయాలి, నేను ఒక షెడ్డులో తగ్గించి చూస్తాను.

అగార్_ప్లేటు
సుధా, ఇది వదులుకోవద్దు. ఒక షెడ్డు మామూలుగా, ఒక షెడ్డు మందు తగ్గించి, అచ్చం షెర్బోర్న్ పద్ధతే. పనివాళ్ల శాంపిల్స్ కూడా కావాలి, చుట్టుపక్కల ఇళ్లవాళ్లవి కూడా కావాలి, లేకపోతే పోల్చడానికి ఏమీ ఉండదు. మనుషుల శాంపిల్స్ కాబట్టి ముందు ఎథిక్స్ కమిటీ అనుమతి, రాతపూర్వక సమ్మతి, తర్వాతే డబ్బా పట్టుకోవాలి.

తణుకు_లేయర్స్
పనివాళ్లని నేను అడుగుతాను. పక్కింటివాళ్లని డబ్బాలో మలం ఇమ్మని అడగడం నా వల్ల కాదు, అసలే షెడ్డు వాసన అని పంచాయతీలో గొడవ నడుస్తోంది. అది మీరే చూసుకోండి.